బావను సోషలిస్టును చేసిన సంగతి

ఆ రోజుల్లో గుడివాడలో ఎర్రజెండా కనబడితే చాలు, దాని కింద నిలబడ్డవాళ్లంతా ఒకటేననుకునేవాణ్ణి. సోషలిస్టు, కమ్యూనిస్టు అనే మాటలు నాకు అన్నం, భోజనం లాంటివి. అంతటి మేధావిని కనుకే మా బావ పెళ్లి విషయంలో ఒక ఘనకార్యం చేసి, ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను.

నందివాడ బావ (మా మేనమామ కొడుకు) అసలు సిసలు కమ్యూనిస్టు. పెళ్లంటూ చేసుకుంటే పంతులు లేకుండా, స్టేజీ మీద దండలు మార్చుకుని, ఉపన్యాసాల మధ్యే చేసుకుంటానని ఊరంతా చెప్పుకున్నవాడు. తొంభైల్లో ఒక ఎండాకాలం అవనిగడ్డకు పెళ్లిచూపులకు వెళ్లాం. అమ్మాయి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయినా బావ ఖాళీ కప్పులోంచి తాగుతూనే ఉన్నాడు. అంత నచ్చింది. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురు తండ్రి నన్ను పెరట్లోకి పిలిచి, అబ్బాయి కమ్యూనిస్టటగా, పంతుల్ని వద్దంటాడా, అలాగైతే ఈ సంబంధం మాకొద్దు అన్నాడు.

"కమ్యూనిస్టు కాదండీ, సోషలిస్టు."

"రెండూ ఒకటే కాదూ?"

"అబ్బే, చాలా తేడా ఉందండీ. కాలవ నీళ్లు అందరివీ అనేవాడు సోషలిస్టు. చేలు కూడా అందరివీ అనేవాడు కమ్యూనిస్టు."

ఆయన చేను కాలవ శివార్లో ఉందట. పైవాళ్లంతా తడుపుకున్నాక తడి మట్టి తప్ప ఏమీ మిగలదట. మొహం వెలిగిపోయింది. "అయితే నేనూ సోషలిస్టునేనయ్యా. మరి మంత్రాలూ?" అన్నాడు. ఊపు మీదున్నాను కదా, సోషలిస్టులకు మంత్రాలు తాళితో సహా ఉంటాయని చెప్పేశాను.

లగ్నపత్రిక రాసే రోజున ఎదురుగా పంతులుగారు కూర్చునేసరికి బావ తెల్లబోయాడు. అబ్బాయి సోషలిస్టు, మంత్రాలుంటాయని మీ వైపువాళ్లే చెప్పారుగా అన్నాడు కాబోయే మామగారు. బావ మా అందరి మొహాలూ వెతికి, వెతికి, కన్నతండ్రి మీద చూపు ఆపాడు (మావయ్యకు దండల పెళ్లి మొదటినుంచీ ఇష్టం లేదు). నేను ఆ ఇంటి దూలాలు లెక్కపెడుతున్నాను. కాదంటే అమ్మాయి దక్కదు. బావ బుద్ధిగా పంతులుగారికి తన నక్షత్రం చెప్పాడు.

పెళ్లికి గుడివాడ కామ్రేడ్లు వ్యాను కట్టించుకుని వచ్చారు. బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్న బావను చూసి, ఉపన్యాసాల కాగితాలు మడిచి జేబుల్లో పెట్టేసుకున్నారు. పులిహోర మాత్రం మారు వడ్డించుకున్నారు. మా అల్లుడు సోషలిస్టని పెళ్లికూతురు తండ్రి చెప్పగా విని, వెళ్తూ వెళ్తూ "ఉంటామండీ, సోషలిస్టుగారూ" అన్నారు. ఆ పేరు నిలిచిపోయింది. బావను వేదిక ఎక్కించడమే మానేశారు. ఆ కోపమంతా బావ తన తండ్రి మీద చూపించాడు. అవసరానికి తప్ప ఆయనతో మాట్లాడేవాడు కాదు.

మొన్న నందివాడ వెళ్తే, తండ్రీకొడుకులు వరండాలో చెరోవైపు తిరిగి చెరో పేపరూ చదువుకుంటున్నారు. మాటల్లో ఆ పెళ్లి ప్రస్తావన వచ్చింది. ఈయన ఆనాడు ఆ మాట చెప్పకపోతేనా అన్నాడు బావ. నేనెవరికీ ఏమీ చెప్పలేదురా అన్నాడు మావయ్య, ఎన్నోసారో మరి. ఆ ముసలి గొంతు విన్నాక ఇక నావల్ల కాలేదు. చేతులు జోడించాను.

"బావా, అది చెప్పింది మావయ్య కాదు, నేను. ఇద్దరూ నన్ను క్షమించండి. ఆ రెండింటికీ తేడా ఏంటో నాకిప్పటికీ తెలీదు."