గున్వోర్ ఆదివారాలు

గున్వోర్‌కి ఒక ప్రియుడు ఉండేవాడనీ, అతను హోల్మొన్ దీవిలో చేపలు పట్టేవాడనీ, పేగు క్యాన్సర్‌తో పోతే అతని ఒంట్లోంచి తీసిన ముక్కని ఆమె ఇరవై ఆరేళ్లుగా సీసాలో పెంచుకుంటోందనీ మా ఉత్తరాది ఊరు ఊమియోలో అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోరా మరి, ఆ మాట పుట్టించింది నేనే. నిజానికి ఆ మనిషిని గున్వోర్ కళ్లతో చూడనేలేదు. ముక్క ఆసుపత్రి నుంచి డబ్బాలో వచ్చింది, డబ్బా మీద ఒక నంబరు ఉంది, అంతే. కానీ నంబరుతో ప్రేమ కథ అల్లితే ఎవరు వింటారు? అందుకని చేపలవాణ్ణి చేశాను. దీవి కూడా నేను పెట్టిందే.

మా పరిశోధనల భవనంలో పైన క్యాన్సర్ వాళ్లు, మధ్యలో కంప్యూటర్ వాళ్లు, నేలమాళిగలో వెలుతురుతో కుస్తీ పట్టే ఫిజిక్స్ వాళ్లు. వాళ్ల చదువులన్నీ కలిపి కాగితం మీద పెడితే చంద్రుడి దాకా వెళ్తాయి. ఆకలేస్తే మాత్రం అందరూ నా క్యాంటీన్‌కి రావలసిందే.

గున్వోర్ పై అంతస్తులో ల్యాబ్ సహాయకురాలు. మిగతా వాళ్ల కణాలు కలుపు మొక్కల్లా పెరుగుతాయట. ఈమెవి మాత్రం మహా మొండివి. మొదటి తొమ్మిది నెలలు సీసాలో ఉలుకూ పలుకూ లేదు. పదో నెలలో నాచులా పట్టుకున్నాయి. గడ్డకట్టించి దాచినవాటిని మళ్లీ లేపాలంటే ఐదు వారాలు, అదీ లేస్తే. అందుకే నలభై చిన్న గొట్టాలు ఫ్రీజర్‌లో ఉన్నా, ఒక సీసా మాత్రం ఎప్పుడూ వెచ్చని పెట్టెలో బతికే ఉండాలి. బుధవారం ఒకసారి, ఆదివారం ఒకసారి కణాలకి మేతగా పోసే గులాబీ రంగు రసం మార్చాలి. కణాలకి క్రిస్మస్ తెలీదు, నడివేసవి పండగా తెలీదు. ఒకసారి కిరునాలో మేనకోడలి పెళ్లికి వెళ్లి, కేకు కోయకముందే రైలెక్కి వచ్చేసింది. ఆ ఇరవై ఆరేళ్లలో ఆమె పోసిన రసం ఊమె నదిలో కలిపితే వంతెన దాకా పొంగేది.

ఆదివారం ఆమె కోసం ఎదురుచూసేది లోకంలో ఆ సీసా ఒక్కటే. ఇది మాత్రం నేను అల్లింది కాదు.

ఆ కణాలు మొదలుపెట్టిన ప్రొఫెసర్ ఎప్పుడో రిటైరై స్పెయిన్‌లో ఎండ కాచుకుంటున్నాడు. అతని పరిశోధకుల గుంపు చెదిరిపోయింది. గున్వోర్‌కి చేతి తొడుగులు తెప్పించే పనీ, సీసాలు లెక్కపెట్టే పనీ అప్పజెప్పారు. కణాల సంగతి ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో ఒక బుధవారం, మంచు ఇంకా నడుం లోతున ఉండగా, సిక్స్టెన్ నా క్యాంటీన్‌కి వచ్చాడు. మాల్మో మనిషి, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. మూడు అంతస్తుల వాళ్లనీ ఒక్క తాడుకి కట్టి, తక్కువ కరెంటుతో క్యాన్సర్ గుట్టు విప్పే ప్రాజెక్టుకి పెద్ద అతనే. తొమ్మిదిన్నర కాఫీకి అందరూ కూర్చున్నాక, ఏలకుల రొట్టె చేత్తో పట్టుకునే ఉపన్యాసం మొదలెట్టాడు.

"నాలుగు నెలలు కణాల ఫోటోలు చూపించాం కంప్యూటర్‌కి. ఇప్పుడు కణాన్ని పెంచక్కర్లేదు, అదెలా పెరుగుతుందో ఇదే చెప్పేస్తుంది!"

"మరి దానికి మేత ఏంటి?" అన్నాను, కప్పులు తీస్తూ.

"సైకిల్ దీపమంత కరెంటు చాలు మైకెన్. కింద వాళ్లు దానితో వెలుతురు మీదే లెక్కలు కట్టిస్తున్నారు."

"అబ్బో! మా ఆయన సైకిల్ దీపానికి అంత తెలివుంటే నేను ఆయన్ని వదిలేసేదాన్నే కాదు."

అందరూ నవ్వారు. సిక్స్టెన్ కూడా నవ్వి, అసలు మాటలోకి దిగాడు. పైన పందొమ్మిది ఫ్రీజర్లున్నాయి, ఒక్కోటీ ఒక ఇంటికి సరిపడా కరెంటు తింటోంది. సగం డబ్బాలు ఎవరివో ఎవరికీ తెలీదు. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా సొంతదారు పేరు రాసిన చీటీ లేని డబ్బాలన్నీ పారేస్తాం. పాత వెచ్చని పెట్టెలు కూడా అప్పుడే ఆపేస్తాం. సొంతదారు అంటే గుంపు నడిపేవాళ్లే. ఎవరికైనా అభ్యంతరమా?"

గున్వోర్ కప్పులోకి చూస్తోంది. ఆమె చెవులు మాత్రం నిప్పుకణికల్లా ఉన్నాయి. నేను పళ్లేలు కావాలనే ధడేల్మని పెట్టాను. ఎవరూ నోరు విప్పలేదు. మా దగ్గర ఎవరూ మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టే. సిక్స్టెన్ కాగితం మీద టిక్కు పెట్టి, రెండో రొట్టె తీసుకున్నాడు.

గున్వోర్‌ని వంటింట్లోకి లాక్కెళ్లి నిలదీశాను. "నోరు దేవుడు దేనికిచ్చాడే నీకు? పులుసు తాగడానికేనా?"

"అతను సొంతదారుల్ని అడిగాడు మైకెన్. నేను సొంతదారుని కాదుగా."

"మరెవరు, స్పెయిన్‌లో వాడా?"

"ఆయనకి రాస్తాను."

రాసింది. సాయంత్రానికల్లా జవాబొచ్చింది. 'పారేయండి, అవి ఇంకా ఉన్నాయా? ఇక్కడ నారింజలు భలే ఉన్నాయి.' నాకు చూపించి, కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దాచుకుంది. అప్పటికి బుధవారం. మిగిలింది ఒకటిన్నర రోజు.

నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. గురువారం బఠానీ సూపు రోజు, ఊరంతా నా క్యాంటీన్‌లోనే ఉంటుంది. గరిటె గరిటెకీ ఆ కణాల కథ వడ్డించాను. ప్రపంచం మొత్తంలో అలాంటి కణాలు ఇంకెక్కడా లేవన్నాను. నలభై గొట్టాల్ని నాలుగు వేలు చేశాను. చేపలవాడు చనిపోయే ముందు గున్వోర్ చెయ్యి పట్టుకుని ప్రమాణం చేయించుకున్నాడని కూడా అనేశాను. మా వాళ్లంతా తలలూపి పాన్‌కేకుల వైపు నడిచారు. ఒక్కామె మాత్రం పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫెమ్కే అట, హాలండ్‌లోని గ్రోనింగెన్ నుంచి కింది ఫిజిక్స్ వాళ్ల దగ్గరికి వారం రోజుల చుట్టంగా వచ్చింది.

"ఆ చేపలవాడి సంగతి వదిలెయ్. కణాలు లేవడానికి ఐదు వారాలు పడుతుందన్నావే, అది నిజమేనా?"

నేను చెప్పిన వాటిలో నిజం అదొక్కటే. మనిషి దాన్నే పట్టుకుంది!

గ్రోనింగెన్‌లో వాళ్ల కంప్యూటర్ కూడా మాట వినే కణాల విషయంలో బాగానే చెబుతుందట, మొండి వాటి దగ్గర మాత్రం బోల్తా పడుతోందట. మొండివి దొరక్కే రెండేళ్లుగా వెతుకుతున్నారట. సూపు అక్కడే వదిలేసి పైకి పరుగెత్తింది. వెనకే నేనూ, గరిటెతో సహా.

"ఇవన్నీ నాకిస్తావా?" అంది ఫెమ్కే.

గున్వోర్ ఫ్రీజర్ తలుపు మీద చెయ్యేసింది. "అన్నీనా?"

"ఇక్కడుంచితే రేపటికి ఉండవు కదా."

"ఉండవు," అంది గున్వోర్. "తీసుకో."

సిక్స్టెన్ సంతోషానికి హద్దుల్లేవు. ఒక ఫ్రీజర్ ఖాళీ అయింది, పైగా హాలండ్‌తో స్నేహం కూడా. కాగితం మీద 'పంపినవారు' అన్నచోట గున్వోర్‌నే సంతకం చెయ్యమన్నాడు. పంపడానికి సొంతదారు కానక్కర్లేదట. శుక్రవారం పొద్దున నలభై గొట్టాలూ పొగలు కక్కే చలి డబ్బాలో సర్దుకుని బయల్దేరాయి. బతికున్న సీసాని ప్రయాణం చేయించడం కుదర్లేదు. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా గున్వోర్ తనే దాన్లో కణాల్ని చంపే మందు పోసింది. గులాబీ రంగు కాస్త పసుపైంది, తర్వాత తెల్లబడింది. వేరేవాళ్లు పొయ్యడం ఆమెకి ఇష్టం లేదు. ఆ మాట ఆమె అనలేదు, సిక్స్టెన్ సాయం చేస్తానని ముందుకొస్తే భుజం అడ్డం పెట్టింది.

ఆదివారం నేను మర్చిపోయిన కళ్లజోడు కోసం క్యాంటీన్‌కి వెళ్లాను. గున్వోర్ గడ్డకట్టిన నది మీద, నిలబడి కాలితో తన్నే మంచుబండి మీద వచ్చి, తలుపు తీసుకుని, మెట్ల మీద కోటు విప్పకుండా కూర్చుని ఉంది.

"ఏం పని మీదొచ్చావు?"

"ఏం లేదు. లేచాను, వచ్చేశాను."

కాఫీ పెట్టి, మా ఉత్తరాది అలవాటు ప్రకారం అందులో జున్నుముక్కలు వేసిచ్చాను. తాగింది. ఒంటిగంటకి లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాతి ఆదివారం కూడా వచ్చిందని కాపలావాడు చెప్పాడు. ఆ తర్వాతిది కూడా.

నాలుగో వారంలో గ్రోనింగెన్ నుంచి ఉత్తరం వచ్చింది. కణాలు లేచే గుర్తులే లేవు! ఐదు వారాలు నిండకముందే ఆరు గొట్టాలు పాడైపోయాయి. డబ్బాతో పాటు నువ్వు కాగితం మీద రాసి ఇచ్చినట్టే చేస్తున్నాం, ఎక్కడో ఏదో తేడా ఉంది, ఫోన్ చెయ్యొచ్చా అని ఫెమ్కే బతిమాలుకుంది. గున్వోర్ మొహం చూసి జ్వరమొచ్చిందేమో అనుకున్నాను, అంత ఎర్రబడింది. నాకు తెలిసి ఆమెని బతిమాలుకున్నవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

"ఏం తేడానే?" అన్నాను.

"చాలా ఉన్నాయి. రసం మొత్తం మార్చకూడదు, పాతది సగం ఉంచాలి. మొదటి పది రోజులు సీసా కదపకూడదు. గొట్టం నీళ్లలో కాదు, పిడికిట్లో కరిగించాలి. ఇంకా ఉన్నాయి. కాగితంలో రాయలేదు, ఎవరూ అడగలేదు కదా."

అప్పుడు నా జన్మకంతటికీ సరిపోయే సలహా ఇచ్చాను. "ఒసేయ్ పిచ్చిదానా, అంతా ఒకేసారి చెప్పెయ్యకు! ఈ వారం సగం రసం సంగతి చెప్పు. అది చేసి చూసి మళ్లీ ఫోన్ చేస్తారు. వచ్చే వారం పిడికిలి. ఆ పై వారం పది రోజులు కదపకూడదన్న సంగతి. నేనైతే నాలుగేళ్లు లాగిస్తాను! నిన్ను విమానంలో రప్పించుకుంటారు చూడు!"

గున్వోర్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదు. నేనేదో అర్థంకాని భాషలో మాట్లాడినట్టు చూసింది.

"ఈలోగా అవి చచ్చిపోతాయి మైకెన్."

ఫోన్ మంగళవారం వచ్చింది, నా క్యాంటీన్ బల్ల దగ్గరే. నలభై ఏడు నిమిషాలు మాట్లాడింది. మేనకోడలి పెళ్లిలో కూడా అన్ని మాటలు మాట్లాడి ఉండదు. చేతులు గాల్లో తిప్పుతూ, లేని సీసాని వంచి చూపిస్తూ, ఒకచోట గట్టిగా నవ్వింది కూడా. పక్క బల్లల వాళ్లు తినడం ఆపి చూశారు. అది చాలక రాత్రి కూర్చుని ఆరు పేజీలు రాసి, బొమ్మలు కూడా వేసి పంపింది. ఒక్క చిట్కా దాచుకోలేదు. దాచుకోమని నేను నెత్తీ నోరూ బాదుకున్నాను.

మే నెలలో మంచు కరిగి నది కదిలాక ఒక ఫోటో వచ్చింది. కణాలు నాచులా దట్టంగా, సీసా అడుగంతా పట్టేశాయి. కింద రెండు వాక్యాలు, బోలెడు ధన్యవాదాలు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం, ఇక ఏ ఇబ్బందీ లేదు అని.

ఇప్పుడు ఆగస్టు. గురువారం సూపుకి వస్తుంది గున్వోర్, ఆ చివరి బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంటుంది. మొన్న పళ్లెం పెడుతూ అడిగాను.

"హాలండ్ వాళ్ల దగ్గర్నుంచి కబురేమైనా ఉందా?"

"లేదు. అంటే బాగున్నాయన్నమాట," అని, చెంచాతో ఆవపిండి ముద్ద సూపులో నెమ్మదిగా కలుపుకుంది.