పేరు తెలియనివారికి సోలెడు బియ్యం

కాశిబుగ్గలో రాజవ్వకు తెలియని చావు లేదు. పెత్తర్ల అమావాస్య వచ్చిందంటే అత్తమామలతో మొదలుపెట్టి, ఎప్పుడో మగ్గం అరువిచ్చిన ముసలాయన దాకా, పోయిన వాళ్ళందరి పేరునా అయ్యగారికి బియ్యం ఇచ్చి వస్తుంది. వాళ్ళలో ఒక్కరు పస్తున్నా ఆమెకు ముద్ద దిగదు.

ఇంట్లో మగ్గం ఆగిపోయాక ఒక కాలేజీ ల్యాబులో గాజు గిన్నెలు కడిగే పనికి కుదిరింది. ఈ ఏడు అమావాస్య నాలుగు రోజులుందనగా, అక్కడ పరిశోధన చేసే మహిత ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. దాని కింద నంబరు రాసిన చిన్న డబ్బా ఉంది, లోపల ఉడికిన సగ్గుబియ్యంలా ఏవో కనిపించాయి.

"మనిషి కణాలవ్వా. మందు తగులుకునే కొక్కేలుంటయి వీటి మీద. మాకు కావల్సిన కొక్కెం మేమే పెట్టినం. ఏ మందు దానికి పడుతదో, ఏది జారిపోతదో చూస్తానం."

కొక్కెం సంగతి రాజవ్వకు ఇట్టే అర్థమైంది, మగ్గం మనిషి కదా. అర్థం కానిది వేరే.

"ఏ మనిషివి బిడ్డా?"

"ఎవరో! యాభై ఏండ్ల కింద వేరే దేశంల ఒకరి కిడ్నీల నుంచి తీసిండ్రట. పేరు తెల్వది."

"ఆ మనిషి ఉన్నడా, పోయిండా?"

"పోయే ఉంటరు."

"మరి గివి?"

"ఇవి బతికే ఉన్నయి. ఆ గులాబీ రంగు నీళ్ళే వీటి తిండి."

అంతే, రాజవ్వ బుర్ర చిక్కుపడ్డ నూలైంది. నెల రోజులుగా ఆ మనిషి తిన్న గిన్నెలు తానే కడుగుతోంది. అంటే ఇంటి మనిషే. పోయినవాడికి బియ్యం ఇవ్వకపోతే పస్తు పెట్టినట్టు. బతికున్నవాడి పేర ఇస్తే ఆయుష్షు తగ్గుతుంది, మహిత మూడు నెలల కష్టం గంగలో కలుస్తుంది.

మొగుడు పర్శరాములును అడిగింది.

"నిన్ను గిన్నెలు కడుగమన్నరా, కర్మలు చేయమన్నరా?" అని ఆయన బీడీ ముట్టించాడు.

అమావాస్య పొద్దున అయ్యగారి ముందు కూర్చుంది.

"పేరు?"

"తెల్వది."

"గోత్రం?"

"డబ్బా మీద నంబరున్నది, చెప్పన్నా?"

"ఆడా, మగా?"

"కిడ్నీ."

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాజవ్వ సోలెడు బియ్యం పళ్ళెంలో పోసింది. ఆగింది. మళ్ళీ సగం కొంగులోకి తోడుకుంది.

"పోయినంత మందమే ఇస్తాన అయ్యగారూ. బతికున్నది నా కాడ్నే ఉండనీ."

మర్నాడు ల్యాబులో చెప్పులైనా విప్పకముందే, "ఎట్లున్నయి బిడ్డా?" అంది.

"మస్తుగున్నయవ్వా! డబ్బా సాలక నిన్న నాలుగు డబ్బాలల్ల పంచిన."

రాజవ్వ గుండె కుదుటపడింది. మరుక్షణమే ముఖం ముడుచుకుపోయింది.

"నాలుగా? అయితే పోయిన దానికంటె బతికిందే ఎక్కువాయె గద! మరి సగం బియ్యం ఎట్లిస్తి?"

మహిత నవ్వబోయి, తానూ వేళ్ళ మీద లెక్క వేయడం మొదలుపెట్టింది.