కానుగ చెట్టును చూసిపోయే మనిషి

చింతచిగురు కొనేటప్పుడు నేను కుప్ప మీది చిగురు ముట్టను. చెయ్యి అడుగుదాకా పెట్టి, గుప్పెడు బయటికి తీసి వాసన చూస్తాను. బడంగ్‌పేట్‌లో మా కొడుకు ఇంటి సందు చివర, హోలీ పోగానే ఒకామె గోనెసంచి పరిచి చిగురు పోస్తుంది. పైన లేతది పోసి, నిన్నటిది అడుగున దాచిందేమోనని నా అనుమానం. "ఎన్నడన్న మోసం జేసిన్నా అవ్వా?" అని ఆమె గునుస్తుంది. ఎన్నడూ చేయలేదు. అయినా నేను చూడకుండా కొనను. ఇది మా బాపు నుంచి నాకు వచ్చిన ఆస్తి, పంపకాల్లో ఎవరూ అడగనిది. కానీ ఆ పులుపు వాసన ముక్కుకు తగలగానే బేరం మరిచిపోయి, నిజాం సర్కారు రోజుల ఇబ్రహీంపట్నంలో, ఎండలు ఇంకా ముదరని పొద్దుల్లోకి వెళ్లిపోతాను.

మా దిక్కు ఎండాకాలం ఒక్కసారే వచ్చి మీద పడేది కాదు. ముందు పెద్ద చెరువు నీళ్లు ఒడ్డును విడిచి లోపలికి జరిగేవి. జరిగిన చోట బురద ఎండి పెంకులుగా లేచేది. వాటి మీద నడిస్తే కాళ్ల కింద అప్పడాలు విరిగినట్టు చప్పుడయ్యేది. గుట్టల మీద మోదుగు చెట్లు ఆకంతా రాల్చుకుని ఎర్రగా పూసేవి. ఆ పూలను కుండలో ఉడకబెట్టి తీసిన రంగు హోలీనాడు మా లంగాల మీద పడితే వానలదాకా వదిలేది కాదు. మధ్యాహ్నం ఎంత ఉడికించినా తెల్లవారి గాలి మాత్రం చల్లగా, ఇప్పపూల మత్తు వాసనతో వచ్చేది. పొద్దున్నే జొన్న గట్కలో చల్ల పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగడం, పిందెమామిడికాయ దంచి ఉప్పూ కారమూ అద్దుకుని పండ్లు పులిసేదాకా తినడం, ఉగాదికి బక్షాలు ఎప్పుడు చేస్తారా అని బెల్లం కుండ చుట్టూ తిరగడం, ఇవే మా పనులు.

పెద్దవాళ్లకు మాత్రం ఆ కాలమంటే నమ్మకం లేదు. వేప విరగబూస్తే మేము సంబరపడేవాళ్లం, మా అమ్మ మాత్రం ఈ ఏడు గత్తర, అదే కలరా, వస్తుందేమోనని పూత వంక గుర్రుగా చూసేది. వడియాలు ఎండబెట్టి కాకులకంటే పక్కింటి పిల్లల మీదే ఎక్కువ కన్నేసేది. ఇక మా బాపు సంగతి చెప్పనక్కర్లేదు. కోయిల కూస్తే కూడా, తోటలోకి ఎవడో దూరాడు, లేకపోతే ఇది ఇంత గొంతు చించుకోదు అనే మనిషి.

మాకు ఊరి బయట, బాట పక్కన ఒక మోటబావి ఉండేది. దాని గట్టు మీద ఒకే ఒక్క కానుగ చెట్టు. శివరాత్రి వెళ్లాక ఆకంతా రాల్చి బోసిగా నిలబడేది; ఇక ఇది చచ్చిందే అనుకునేలోపు ఎటునుంచి వచ్చేదో చిగురు, నూనె రాసినట్టు మెరుస్తూ, చుట్టూ కోసేసిన జొన్న చేల మధ్య అది ఒక్కటే పచ్చగా ఉండేది. తర్వాత పూత. తెల్లారేసరికి చెట్టు కింద పేలాలు ఒలకబోసినట్టు పూలు రాలి ఉండేవి. మోట తోలే ఎడ్లు ఆ నీడలోకి రాగానే కదలనని మొరాయించేవి. ఆకు చుట్టి బూర చేసి ఊదడం నేను ఆ చెట్టు కిందే నేర్చుకున్నాను. నాకు ఆ చెట్టంటే ప్రాణం.

ఆ ఏడు, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మా ఊరికి ఒక పట్నపాయన వచ్చాడు. గాజులమ్మే ఖాజాబీకి తమ్ముడు. హైదరాబాద్‌లో షేర్వానీల మీద జరీపని చేసేవాడట. సన్నని మనిషి, తలమీద తెల్ల టోపీ. రోజూ పొద్దు పొడవకముందే వచ్చి, మా బావికి ఎదురుగా బాటమీద నిలబడి, కానుగ చెట్టు వంక చూసేవాడు. ఏమీ తెంపడు, ఏరడు, ఎవరితోనూ మాట్లాడడు. చూసి, చూసి, వెళ్లిపోయేవాడు.

ఊరంతా గుసగుసలు మొదలయ్యాయి. ఖాజాబీ దాచలేదు, గాజులు తొడుగుతూ అందరికీ చెప్పింది: జరీ కుట్టీ కుట్టీ తమ్ముడి కండ్లు మసకలైనయని, పొద్దుపొద్దున లేత పచ్చదనాన్ని దూరం నుంచి చూస్తే చలువ చేస్తుందని హకీం చెప్పాడని. మా అమ్మ నమ్మింది. బాపు నవ్వాడు.

"చెట్టును జూస్తే కండ్లు బాగైతయానే? అబద్ధం జెప్పినా జర నమ్మేటట్టు జెప్పాలె."

బాపు అనుమానానికి కారణం లేకపోలేదు. సర్కారువాళ్లు లేవీ గల్లా అని వచ్చి గరిసెల్లోని ధాన్యం కొలుచుకుపోయిన కాలమది. ఇక చెట్లు కూడా రాసుకుంటారని, రాసుకున్న చెట్టు సర్కారుదే అవుతుందని ఎవరో పుకారు లేపారు. పైగా పట్నపాయన చేతిలో పూసలుండేవి. చెట్టును చూస్తూ పెదవులు కదుపుతూ ఒక్కో పూస జరిపేవాడు.

"దేవుని పేరు తలుచుకుంటున్నడేమో," అంది అమ్మ.

"జపం జేసేటోడు కండ్లు మూసుకుంటడు. చెట్టును జూసుకుంట జేస్తడా? చెట్టుకో పూస తోస్తున్నడు. లెక్క బెడుతున్నడే వాడు!"

బావి దగ్గర ఉన్నది ఒకే చెట్టు గదా, దానికి రోజూ వచ్చి లెక్కేమిటని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. రెండు మూడు రోజులు బాపు సరిగా అన్నం తినలేదు. ఒకనాడు పట్నపాయన చూసి వెళ్లగానే, ఇద్దరు మనుషులను, గొడ్డళ్లను వెంటబెట్టుకుని బావికి బయలుదేరాడు. "పూత మీదున్న చెట్టయ్యా, ఉసురు తగుల్తది," అని అమ్మ గడప దాకా వెంటపడింది. నేను బావిదాకా వెంటపడి ఏడ్చాను. బాపు వినలేదు. సర్కారుకు దక్కేకంటే పొయ్యిలో కాలడం మేలన్నాడు. సాయంత్రానికి కొమ్మలు మా పెరట్లో కుప్పపడ్డాయి, మొద్దును ఎడ్లతో లాగించారు. రాత్రి అమ్మ చేసిన చింతచిగురు పప్పు ఎవరం నోట పెట్టలేదు.

తెల్లారి బాపు నాకంటే ముందే తయారయ్యాడు. "దా బిడ్డా, ఇయ్యాల వాడేం లెక్కబెడ్తడో జూద్దాం." ఆయన ముఖంలో అంత సంతోషం పంట ఇంటికొచ్చిన రోజున కూడా నేను చూడలేదు. ఇద్దరం బావి గట్టు మీద కూర్చున్నాం.

పట్నపాయన వచ్చాడు. ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. తల ఎత్తాడు. కాసేపు అలాగే ఉండి, భుజం మీది రుమాలు తీసి కండ్లు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ తుడుచుకున్నాడు. చేతులు ముందుకు చాపి బాట దిగి, జొన్న కొయ్యకాళ్లు తగిలి తూలిపడబోయి, మా అలికిడి విని అక్కడే ఆగిపోయాడు.

"ఎవరున్నరు? గిక్కడ చెట్టుండె గదా అన్నా? నిన్నటి దాక జర మసకగనన్న పచ్చగ కనబడుతుండె. ఇయ్యాల ఏం కనబడ్తలేదు."

బాపు గట్టు మీంచి మెడ చాచి ఆయన మొహంలోకి చూశాడు.

"అయిపోయినయ్ నా కండ్లు. సగం కుట్టిన షేర్వానీ మగ్గం మీదనే ఉన్నది. పిల్లలకు ఏం పెట్టాలె నేను?" అంటూ అక్కడే కూలబడి, ముఖం కప్పుకుని, పెద్ద మగమనిషి చిన్న పిల్లాడిలా ఏడ్చాడు.

బాపు లేచి దగ్గరికి వెళ్లాడు. వెళ్లి ఏం చేశాడనుకుంటారు? ఆయన మొహం ముందు చెయ్యి ఆడించి చూశాడు, నటిస్తున్నాడేమోనని. ఆ కండ్లు చేతి వెంట సరిగా కదల్లేదు. అప్పుడు మా బాపు గొంతు మారిపోయింది.

"నీ కండ్లు పోలేదన్నా. చెట్టే పోయింది. నిన్న నేనే కొట్టించిన."

పట్నపాయనకు అర్థం కాలేదు. బాపు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆయన బాపు చెయ్యి పట్టుకుని మోడు దాకా నడిచి, మోకాళ్ల మీద వంగి, ఇంకా తడి ఆరని ఆ కోతను అరచేతులతో తడిమి తడిమి చూశాడు. చూసి, నవ్వాడు. కడుపునిండా నవ్వాడు. బాపు రెండు చేతులూ తన కండ్లకు అద్దుకున్నాడు.

"చెట్టేనా పోయింది! అల్లా నిన్ను సల్లగ జూడాలె అన్నా! చెట్టేనా!"

బాపు చేతులు వెనక్కి తీసుకోలేదు, తల పైకెత్తలేదు. ఆయనను ఎవరైనా అంతలా దీవించడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నరికినవాడి మీద ఎంత కోపం వచ్చిందో, నరికినందుకు సంబరపడ్డవాడి మీద అంతకు రెట్టింపు వచ్చింది. నా చెట్టు చచ్చి పడి ఉంటే దాని మోడు పక్కన కూర్చుని నవ్వుతాడా!

 ఇంటికి వస్తుంటే బాపు ఊరి మొదట్లో ఆగి, "నిజంగనే కనబడదంటవా వానికి?" అని నన్నడిగాడు. నేను ఆయనను దాటి ఇంటి వైపు నడిచాను. ఆ తర్వాత ఖాజాబీ తమ్ముణ్ని బాపే చెయ్యి పట్టుకుని చెరువు కట్ట మీద చిగురేసిన చెట్ల దగ్గరికి తీసుకుపోయేవాడని ఊళ్లో చెప్పుకున్నారు. నేను చూడలేదు కాబట్టి నమ్మను. ఎండలు ముదిరాక ఆయన పట్నం వెళ్లిపోయాడు. ఆ షేర్వానీ పూర్తయిందో లేదో తెలియదు.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది. దాని మీద కాలేజీ బస్సులు నిలుస్తాయి. గట్టు లేదు, జొన్నచేలు లేవు, ఇప్పపూల వాసన ఎలా ఉంటుందో మా మనవలకు చెబుదామంటే మాటలు చాలవు. ఆ కానుగ కోసం నాలో నేను చాలా ఏండ్లు ఏడ్చాను. పట్నపాయన నవ్వును అంతకంటే ఎక్కువ ఏండ్లు తిట్టుకున్నాను.

పోయిన ఎండాకాలం మొదట్లో మా కొడుకు నన్ను కారులో ఇబ్రహీంపట్నం తీసుకుపోతున్నాడు. నాకు కండ్లలో నీటికాసులు. చూపు పక్కల నుంచి తరిగిపోతోందని, పోయింది మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు. శేరిగూడ దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా అద్దంలోంచి బయటికి చూశాను. రోడ్డు వెంట వేపచెట్ల వరుస ఉండాలి, లేత ఎరుపు చిగురుతో. ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా ఉంది. అద్దం తుడిచాను. కండ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాను.

"ఇక్కడ చెట్లుండాలె గదరా?"

"రోడ్డు పెద్దగ జేస్తున్నరమ్మా. అన్నీ కొట్టేసిన్రు."

"హమ్మయ్య!" అన్నాను, పైకే.

కొడుకు కారు నెమ్మది చేసి, నా ముఖంలోకి అనుమానంగా చూశాడు.