సినిమాలో తిరిగివచ్చిన మనిషి

మొన్న అక్క కూతురు నా ఫోనుకు ఒక వీడియో పంపింది. "చిన్నమ్మా, గా సినిమా లాస్టుల ఏమైందో డైరెక్టరే చెప్పిండంట, సూడు" అని కింద రాసింది. సినిమా పేరు చూడగానే ఫోను బోర్లించి పెట్టాను. కొన్నేళ్ల కిందట పసుపు సీజనులో దాన్ని ఆర్మూర్ థియేటర్లో చూశాం. మార్కెట్ యార్డు నుంచి నేరుగా వచ్చినవాళ్ల బట్టల మీది పసుపు వాసన హాలంతా నిండి ఉంది. సినిమాకు పోదామన్న తెలివి నాదే. అప్పటికి మా బావ గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేసి నెల దాటింది.

పెళ్లైన కొత్తలో బావ బాల్కొండ నుంచి పెర్కిట్‌లోని మా ఇంటికి బస్సు తలుపు దగ్గర నిలబడి పాటలు పాడుకుంటూ వచ్చేవాడు. ఏళ్లకేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చిన మనిషి మాత్రం, గుమ్మంలోకి ఎవరు వచ్చినా లేచి నిలబడేవాడు. మంచం ఉండగా నేల మీద పడుకునేవాడు. తిన్న ప్లేటు తానే కడిగి బోర్లించేవాడు. మొగుడు ప్లేటు కడిగితే మొక్కుకోవాలి గానీ ఏడుస్తారా అని నేను అక్కను ఆటపట్టించాను. అక్క నవ్వలేదు. "ఇంట్ల సుట్టమున్నట్టున్నదే" అంది.

పోస్టర్ మీద హీరో నవ్వుతున్నాడు కదా, ఇద్దరూ కాసేపు నవ్వుకుంటారని నా ఆశ. తీరా చూస్తే, అంతరిక్షంలో తప్పిపోయినవాడు ఏళ్ల తర్వాత ఇంటికి వస్తాడు. వచ్చింది అతనేనా, అతని రూపంలో ఇంకేదైనానా అన్నది తేలదు. ఆఖర్న పెళ్లాం అన్నం పెడుతుంది, అతను ప్లేటు వైపు చూస్తాడు, తెర నల్లబడుతుంది. అంతే. సగంమంది ఈలలు వేశారు, సగంమంది టికెట్ పైసలు వాపస్ ఇమ్మని అరిచారు.

బయట టీ కొట్టు దగ్గర జనం రెండు పార్టీలయ్యారు. సినిమాలో ఇంటి కుక్క గుర్తుపట్టింది కాబట్టి అతనే అని హమాలీలు. నేను పనిచేసే పసుపు కమీషన్ దుకాణం సేటు ఒప్పుకోలేదు. పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూడందే ధర చెప్పని మనిషాయన. "పైన పాలిష్ మంచిగనే ఉన్నది. విరిచి సూస్తె గదా లోపలిది తెల్సేది!" అన్నాడు. అందరూ నవ్వారు.

"మనిషిని విరిచి సూస్తరా సేటూ?" అన్నాడు బావ. వచ్చాక ఆయన గొంతు పెంచడం అదే మొదలు. "గాయన గాయనే. ఎంత దూరం పోతే మాత్రం మనిషి మారుతడా?"

అక్క ఆయన వైపు చూడకుండానే, "గాయన కాదు. గా పెండ్లానికి తెల్వదా?" అంది.

సేటు సినిమా ముచ్చటే అనుకుని "శభాష్ చెల్లె!" అన్నాడు. నేను మాత్రం తాగని చాయ్ పక్కన పెట్టేశాను. అక్క కాపురం నా కళ్ల ముందే రోడ్డున పడుతోందనిపించింది.

ఆటో ఎక్కి ముగ్గురం అక్క ఇంటికే పోయాం. ఇంటికి రాగానే అక్క అన్నం వడ్డించింది. బావ ముద్ద కలపలేదు.

"నేను కానంటివి. మల్ల అన్నమెందుకు పెడుతున్నవ్?"

"నువ్వే అయితే," అక్కకు ఏడుపు ఆగలేదు, "గా పాటలు పాడుకుంట పోయినోడేడి?"

బావ ప్లేటు వైపు చూశాడు. "ఆన్ని నేను గూడ దేవులాడుతున్న" అన్నాడు. నేను వెతికి ఇవ్వగలిగింది కాదది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బయటికి వచ్చేసి, గోడ పక్కన నిలబడి నేనూ ఏడ్చాను.

ఇద్దరూ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. బావ మంచం మీదే పడుకుంటున్నాడు. పాట మాత్రం రాలేదు. అక్క రోజూ అన్నం పెట్టి, మొదటి ముద్ద నోట్లోకి పోయేదాకా ఆయన ముఖం చూస్తుంది. వీడియో నేనింకా తెరవలేదు. డైరెక్టరుకు తెలిసే ఉంటుంది, సినిమా ఆయనది. కాలం మనిషిని తిరిగి ఇంటికి పంపుతుంది గానీ, పోయినవాణ్ణే పంపావా అని అడిగితే మాత్రం జవాబు చెప్పదు.