వచ్చినవాళ్ళకి అరవం

మా తోడికోడలు జోతిలక్ష్మక్కకి నోరెక్కువని నాగలాపురంలో ఎవర్నడిగినా చెప్తారు. ఎవరో ఏల, నేనే చెప్తా. పొద్దున లేస్తే కోడి మీద అరుపు, ఎనుము మీద అరుపు, మా బావ గోపాలకృష్ణన్ మీద అరుపు. ఆ మనిషి అంత పెందలాడే మిరపచేనికి పోయేది పని మీద ప్రేమతో కాదు. ఇద్దరం ఏళ్ళ తరబడి ఒకే వాకిట్లో ఉన్నాం. నన్ను తిట్టని దినం ఉంటే, జ్వరమేమోనని ఆమె నుదురు తాకి చూసేదాన్ని.

అయితే, మేం ఉండేది అరవదేశమైనా ఆ నోరంతా మన తెలుగు మాటలోనే. వాకిట్లోకి పరాయి మనిషి అడుగు పెట్టినాడంటే చాలు, అక్క టక్కున అరవానికి మారిపోతుంది. ఆమే కాదు, మా ఇళ్ళల్లో అందరం అంతే. వచ్చినవాళ్ళ ముందర వాళ్ళకి తెలియని మాట మాట్లాడితే, తమ గురించే ఏదో అనుకుంటున్నామని నొచ్చుకుంటారు గదా! అందుకని వాళ్ళు ఉన్నంతసేపూ పసిబిడ్డని కసిరినా అరవంలోనే. మా అత్త నేర్పిన మర్యాద అది. ఆమెకి వాళ్ళత్త నేర్పింది.

అక్క కూతురు కర్పగం విరుదునగర్లో కాలేజీలో చేరి, హాస్టల్లో ఉండి, ఇంటికొచ్చినా అరవమే మాట్లాడడం మొదలుపెట్టింది. మన మాట వింటే హాస్టల్ పిల్లలు నవ్వుతారంట. ఒక తూరి అక్క అన్నం వడ్డిస్తుంటే, "చాలు" అనేదానికి "పోదుమ్మా" అనింది. అక్క గరిటె అక్కడే పెట్టి పెరట్లోకి పోయింది. నేను వెనకాలే పోయినా.

"అరవం పరాయివాళ్ళతో గదనే మాట్లాడేది? నా కడుపున పుట్టింది నన్ను పరాయిదాన్ని చేసేసిందే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అంత నోరున్న మనిషి అట్టా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కర్పగాన్ని పట్టుకుని రెండు తగిలించాలనిపించింది.

ఆ ఏడాదే, తొంభై ఎనిమిదిలో, ఉదయకుమార్ అని ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ మా ఊరికొచ్చినాడు. జనం ఏ మాటలో బేరమాడతారు, ఏ మాటలో ఏడుస్తారు, గొడ్డుని ఏ మాటలో అదిలిస్తారు, ఇదీ ఆయన పరిశోధన. ఇదేం చదువురా సామీ అని నేను చాటుకి పోయి నవ్వినా. మనిషి మాత్రం మంచోడు. కాపీ ఇస్తే గ్లాసు తనే కడిగి పెట్టేవాడు. మా వాకిట్లో కూర్చుని ఆయన అరవంలో అడిగినాడు, మేం అరవంలో చెప్పినాం. "ఇంట్లో తెలుగే సార్" అని అక్క చెప్పింది, అరవంలో. చెప్తూనే బావని అరవంలో తిట్టింది. ఎనుముని కూడా అరవంలోనే అదిలించింది. అది కదల్లేదు. పాపం, దానికేం అర్థమయ్యింది!

మరుసటేడు కర్పగం కాలేజీలోనే మీటింగు పెట్టినారు. ప్రొఫెసర్లు తాము కనుక్కున్న సంగతులు పిల్లలకీ, ఊళ్ళవాళ్ళకీ చెప్పే మీటింగు. మమ్మల్నీ రమ్మన్నారు. ఎట్టయాపురం మీదుగా కోవిల్‌పట్టి పోయి, అక్కడ విరుదునగర్ బస్సెక్కినాం. అక్క పట్టుచీర కట్టింది.

"మన మాట గురించి అంత పెద్ద సారు గొప్పగా చెప్తే నా కూతురు వినాల. అప్పుడన్నా నాతో మాట్లాడతాదేమో" అని దోవంతా అదే పాట.

ముందు ఒక ప్రొఫెసరమ్మ, అగ్గిపెట్టెల కంపెనీల్లో ఆడవాళ్ళు మధ్యాన్నం కూరలు ఎట్టా పంచుకుంటారో చెప్పింది. అది నాకు శానా నచ్చింది. తర్వాత ఉదయకుమార్ లేచినాడు.

"వీళ్ళు ఇంట్లో తెలుగని చెప్తారు. కానీ నేనున్నన్ని రోజులూ ఒక్క ఇంట్లోనూ వినలేదు. తల్లులే పిల్లలతో తమిళం మాట్లాడుతున్నారు. ఇంకో తరానికి ఆ మాట మిగలదు" అన్నాడు అరవంలో.

అక్కకి ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "అబద్ధం సార్! మేం పిల్లలతో తెలుగే మాట్లాడతాం!" అని అరిచింది. అరిచింది అరవంలోనే! హాలంతా గొల్లుమనింది.

ప్రొఫెసర్ నవ్వలేదు. "అయితే ఆ మాట తెలుగులోనే చెప్పండమ్మా" అన్నాడు మెత్తగా.

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. చుట్టూ అంతమంది పరాయివాళ్ళుంటే నాలుక ఎట్టా తిరుగుతాది? పెదవులు ఆడుతుండాయి, అంతే. నేనన్నా లేచి చెప్దామంటే నాకూ అరవమే వస్తా ఉంది. అయిపోయింది, ఈ అవమానం చూసినాక ఆ పిల్ల జన్మలో మన మాట ఎత్తదు అనుకుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

అప్పుడు ఆడపిల్లల వరసలోంచి గట్టిగా మన మాట వినబడింది. "మా, నువ్వు కూకో. నే సెప్తా."

కర్పగం లేచి నిలబడి ఉంది.

"సారూ, ఇంటికొచ్చినోళ్ళ ముందర మన మాట మాట్లాడేది మాయమ్మకి మరేద కాదు. నువ్వు వాకిట్లో కూసోనుంటే ఎట్ట మాట్లాడతాది? నువ్వు సందు తిరిగినాక వినాల్సింది, మాయమ్మ నోరు! ఇంట్లో మాట్లాడంది నేను. మాయమ్మని అనబాక."

హాల్లో శానామందికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. ఎవరూ నవ్వలేదు.

ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసినాడు. "మాయమ్మా ఇంతే పాపా, ఆ సంగతే మరిసిపోయినా. మాది మీ పక్కనుండే పుదూరు. నేనూ మీవోణ్ణేనని తెలిస్తే ఉన్నదున్నట్టు సెప్పరేమోనని అరవంలో అడిగినా" అన్నాడు, అచ్చం మా ఇంటి మాటలో!

ఓరి నాయనో! మాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మన మాట కడుపులో పెట్టుకుని, అన్ని దినాలు మా కాపీ తాగినాడే ఈ మహానుభావుడు! జరిగిందంతా అరవంలో అందరికీ చెప్పి, మళ్ళీ మొదట్నుంచీ పని చేస్తానన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా.

మీటింగు అయిపోయినాక మెట్ల దగ్గర కర్పగం వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. వెనకాలే హాస్టల్ పిల్లలు మూగినారు.

"ఏమ్మా, మిరపకాయలు ఎండినాయా? నాయన మోకాలు ఎట్టుంది?" అని అడిగింది. అంతా మన మాటలోనే.

అక్క ఆ పిల్లలందర్నీ ఒకసారి చూసింది. ఇంక అరవంలోకి మారుతుందనుకున్నా.

"ఎండినాయిలే! మీ నాయన మోకాలికి ఏం రోగం, పనిదొంగ!" అనింది అక్క మన మాటలోనే, ఏడుస్తా, ఆ మెట్ల మీదంతా వినబడేట్టు.