చిమ్నీ పైన అల్లుడు, కింద నేను

"తాడు లాగండత్తయ్యగారూ. మాటలు తరవాత."

"మాట తేలకుండా లాగను. పిల్లని మా చెల్లెలి దగ్గర్నుంచి కదపనని చెప్పండి, లాగుతాను."

"అది నా కూతురండి."

"నా కూతురు కన్న కూతురు. మీ కొత్త పెళ్లానికి అంట్లు తోమడానికి కాదు."

"ఆవిడ కాపరానికొచ్చి నెలవ్వలేదు. అప్పుడే మా ఇంట్లో అంట్లు లెక్కెట్టేశారా?"

అల్లుడు డాబా మీద చిమ్నీ మూతి దగ్గరున్నాడు. నేను కింద హాల్లో పొయ్యిగూటి ముందు మోకాళ్ల మీద కూర్చుని తాడు పట్టుకున్నాను.

షార్జాలో నేను వంట చేసే ఇల్లది. వెనకటికెవరో దొర అందులో ఇటుకలతో కట్టెల పొయ్యి కట్టించుకున్నాడు. మా మేడమ్ ఆ గూట్లో గ్యాస్ పొయ్యి పెట్టించాలంది. గ్యాస్ పొగకి అంత వెడల్పు చిమ్నీ పనికిరాదట. సగం దారిలో చల్లబడి గదిలోకి తిరిగొస్తుందట. అందుకని లోపల వంగే సన్నటి రేకు గొట్టం పైనుంచి కిందిదాకా దించాలి. అతను పైనుంచి వదులుతుంటే, దాని కొసకి కట్టిన తాడు నేను కిందనుంచి లాగాలి. ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల పని చేసే అల్లుణ్ణి నేనే పిలిపించాను. బయటివాళ్లకి డబ్బు పొయ్యడం నాకు గిట్టదు.

మా ఇళ్లలో అత్త అల్లుడి ఎదుటపడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి మూడో మనిషి చేత చెప్పిస్తుంది. ఆ శుక్రవారం మేడమ్ వాళ్లు బయటికెళ్లారు, మూడో మనిషి లేడు. మొహాలు కనపడవు కాబట్టి ఇద్దరికీ నోరు లేచింది.

నా కూతురు అంతకు ముందు వేసవిలో ఊళ్లో జ్వరంతో పోయింది. అల్లుడి పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర, నాది మేడమ్ దగ్గర. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు కూడా వంట చేశాను, ఏం వండానో గుర్తులేదు. తర్వాత అల్లుడు సెలవు మీద వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకుని, ఆవిణ్ణి ఊళ్లో ఇంట్లో ఉంచి వచ్చాడు. నా మాట లేనిదే పిల్లని పంపనని మా చెల్లెలు కూర్చుంది.

"వంపులో ఇరుక్కుందండి. మెల్లిగా లాగండి. చిరిగితే కొత్త గొట్టం కొనాలి."

"చిరిగితే మీ జీతంలోంచి కొందురుగాని."

పైన అతను గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"మొన్నెల్లినప్పుడు పిల్ల నన్ను సూసి తలుపెనకాల దాక్కుందండి. దుబాయాయన వచ్చాడంది. మీ చెల్లెలుగారు నవ్వారు తప్ప, మీ నాన్నే అని చెప్పలేదు. కొత్తావిడ వచ్చీ రాగానే నా ఫోటో గోడకెట్టింది. నేనెవర్నో దానికి చెప్పే మనిషి కావాలండి."

"బడికి పంపుతారా?"

"పంపుతానండి."

"నన్ను రెండో తరగతిలో మాన్పించారు."

"మాన్పించనండి. ఒట్టు."

తాడు లాగాను. గొట్టం మసి రాల్చుకుంటూ దిగింది.

అతను కిందికొచ్చేసరికి నేను వంటింటి తలుపు వెనక్కి వెళ్లాను. గొట్టం అడుగు పొయ్యికి బిగించాడు. మళ్లీ పైకెక్కి, గొట్టం కొస బయటికుంచి చుట్టూ చిమ్నీ మూతిని రేకుతో మూసి సిమెంటు మెత్తాడు. వెలిగిస్తే గదిలోకి పొగ రాలేదు. గడప మీద పెట్టిన అన్నం తిని, "ఖలాసండి, పనైపోయింది. వెళ్లొస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున మేడమ్‌ని అడిగి టేప్‌రికార్డర్ తెచ్చుకున్నాను. ఉత్తరం రాసేంత చదువు నాకు లేదు. "పిల్లని వాళ్ల నాన్న ఇంటికి పంపించు. ఉన్న బట్టలన్నీ సర్దు, కొత్తవి కొనకు" అని చెల్లెలికి చెప్పాను. టేపు కాసేపు ఉత్తినే తిరిగింది. ఆపి, మా ఊరెళుతున్న మేడమ్ వాళ్ల డ్రైవరు చేతికి కేసెట్ ఇచ్చి, కూర తరగడానికి కూర్చున్నాను.