మామిడి వరసల మధ్య మా అత్త

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేటప్పటికి నేను పరవాడ వెళ్ళే కంపెనీ బస్సులో ఉన్నాను. కొత్తగా కొనుక్కున్న సెల్‌ఫోన్‌కి వచ్చిన మొదటి చెడ్డ కబురు అదే. దిగిపోయి అత్త ఊరికి, కోటవురట్ల వైపు బస్సు పట్టుకున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. చుట్టుపక్కల అందరూ చెరకు వేస్తుంటే, మామిడి మొక్కల వరసల మధ్య సోయా చిక్కుడు వేసిన మనిషి ఆవిడ. ఎర్ర గరప నేల; వాన వెలిస్తే పైన అట్టకట్టేది. మొదటి ఏడు పైరు మోకాలెత్తు కూడా లేవలేదు. మావయ్యకు ఒళ్ళు మండింది.

“ఈ సెట్లే సారమంతా లాగేత్తన్నాయి. కొట్టేసి సెరుకేద్దాం” అన్నాడు.

“సెట్లనెందుకంటారు? నేలే ఆకలి మీదుంది. ముందు దానికి తిండెట్టి, అప్పుడు పంటడుగుదాం” అంది అత్త.

ఒక్కో మామిడి మొక్కకీ బిందెతో నీళ్ళు మోసి బతికించుకుంది. గొడ్డలి పడనిస్తుందా? మరుసటి ఏడు జనుము వేసి, పూతకొచ్చాక కలియదున్నించింది. ఆ తర్వాత జొన్న. సోయా ఎప్పుడని అడిగితే “దాని వంతు రానీ” అనేది. రాలిన మామిడాకుకి ఎవరినీ అగ్గిపుల్ల గియ్యనిచ్చేది కాదు.

సోయా వంతు వచ్చినప్పుడు వ్యవసాయాఫీసులో ఇచ్చిన, మేలుచేసే సూక్ష్మజీవులుండే కల్చర్ పొడి విత్తనానికి పట్టించి వేసింది. ఓ రోజు మొక్క పీకి చూస్తే వేళ్ళనిండా బుడిపెలు. వంగ వేళ్ళకు వచ్చే బుడిపెల తెగులే దీనికీ వచ్చిందనుకుని, కంగారులో ఓ వరసంతా పీకి గట్టున పడేసింది. ఆఫీసరు వచ్చి ఓ బుడిపెను గోటితో చీల్చి, లోపలి గులాబీ రంగు చూపించాడు. “తెగులు కాదమ్మా, మొక్కకి ఎరువు తయారుచేసేది ఇదే” అన్నాడు. అత్త అక్కడే కూలబడి నవ్విందట.

ఆ తర్వాత పొలం చూడ్డానికి ఏ రైతు వచ్చినా ముందు ఈ కథే చెప్పేది. “సేతికొచ్చిన ఎరువుని పీకి గట్టునేసేను. మీరలా సేయకండి.” తన పొరపాటు చెప్పుకోవడానికి ఆవిడకి నామోషీ లేదు. ఆవిడ మేనల్లుణ్ణని చెప్పుకోవడం నాకు గర్వం.

మిగిలిన వరసలు విరగకాశాయి. మావయ్య గొడ్డలి మాట మళ్ళీ ఎత్తలేదు. అలాగని ఒక్కసారీ మెచ్చుకోలేదు.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక అందరం తలా పిడికెడు మట్టి వేశాం. మావయ్య చేతికి గట్టి పెళ్ళ వచ్చింది. పెట్టె మీద వేయబోయి ఆగాడు. వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా జారేదాకా రెండు అరచేతుల మధ్యా దాన్ని నలిపాడు.

“ఇలాటి గట్టి మట్టేత్తే మీ అత్త ఒప్పుకోదురా” అన్నాడు నాతో. మళ్ళీ వంగి ఇంకో పెళ్ళ తీసుకున్నాడు.